ఆరో సాక్షి

ఇంద్రసేనకు చేతకాని పని లేదని నాంపల్లి కోర్టులో అందరూ అనేవారు. సెషన్స్ కోర్టులో సర్కారు తరఫున కేసులు నడిపే అడిషనల్ పీపీ ఆయన. బెంచి క్లర్కు టేబుల్ ఫ్యాను ఆగిపోతే భోజనం వేళ విప్పి, తుడిచి, తిరిగేలా చేసి ఇచ్చేవాడు. స్టెనో కూతురి సంగీత్‌లో హార్మోనియం వాయించేవాడు తీరా సమయానికి రాకపోతే నల్లకోటు కుర్చీకి తగిలించి తనే కూర్చుని వాయించాడు. చిరాగ్ అలీ లేన్‌లో మూడో అంతస్తు ఫ్లాటు వాళ్ళది. బాల్కనీలో ముప్ఫై రకాల ముళ్ళ మొక్కలు, మంచం కింద విప్పదీసిన పాత రేడియోలు. ఆదివారం పొద్దున అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచేవాళ్ళు ఆయన కోసం కొన్ని పుస్తకాలు గోనె కింద దాచి ఉంచేవాళ్ళు.

"ఈయనకు నేను ఏడో హాబీనండీ" అనేది భార్య వరలక్ష్మి, ఇంటికొచ్చిన వాళ్ళతో. ఆమె తాతగారు తెనాలి నుంచి యాభై ఆరులో సెక్రటేరియట్ ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఆమె పుట్టిందీ పెరిగిందీ హైదరాబాదులోనే అయినా మాట మాత్రం పుట్టింటి మాటే. "మొదటి ఆరూ లెక్కపెట్టుకోండి. ఆదివారం ఏడోదాని వంతు వచ్చేసరికి సాయంత్రం అయిపోతుంది."

ఆరింటిలోనూ పెద్దపీట తపాలా బిళ్ళలది. అబిడ్స్ పెద్ద పోస్టాఫీసులో వాటికోసం ఒక కౌంటరు ఉంది. కొత్త బిళ్ళ విడుదలైన రోజున, ఆ రోజు తేదీ ముద్ర కొట్టిన కవరు అక్కడ ఇస్తారు. మర్నాడు వెళితే బిళ్ళ దొరుకుతుంది గాని ఆ తేదీ దొరకదు. ఇంద్రసేన ముప్ఫై రెండేళ్ళుగా ఒక్క కవరు తప్పిపోకుండా పోగు చేశాడు. తొమ్మిది ఆల్బమ్‌లు నిండాయి.

పదోది సగంలో ఆగిపోయింది. ఎందుకు ఆగిందో చెప్పాలంటే వెంకటేశం కేసు చెప్పాలి.

వెంకటేశం బేగం బజార్‌లో హమాలీ. శ్యామ్‌సుందర్ సేటు గోదాములో ఒకరోజు యాలకుల సంచి ఒకటి తక్కువ వచ్చింది. సేటూ, లెక్కలు రాసే ఆయన మునీమూ షట్టరు సగం దించి వెంకటేశాన్ని అడగడం మొదలుపెట్టారు. అడగడం కొట్టడమైంది. మూడో రోజు దవాఖానలో అతను పోయాడు. సంచి ఆ తర్వాత లారీలోనే, టార్పాలిన్ మడతల కింద దొరికింది.

చూసినవాళ్ళు ముగ్గురు. ఇద్దరు తోటి హమాలీలు. మూడో మనిషి లక్ష్మీనర్సమ్మ. గోదాముల్లో నేల మీద రాలిన జీలకర్ర, మిరియాలు ఊడ్చి, చెరిగి, మట్టి ఏరి, సందుల్లో అమ్ముకునే మనిషి. డెబ్భై దాటినా చీపురు పట్టిన చెయ్యి వణకదు. పోలీసులు ఇచ్చిన సాక్షుల జాబితాలో ఆమెది ఆరో పేరు.

ఆమె కోర్టుకు మూడుసార్లు వచ్చింది. మొదటిసారి జడ్జిగారు సెలవు. రెండోసారి అవతలి వకీలు వాయిదా అడిగాడు. మూడోసారి శుక్రవారం. పొద్దున పదింటికే వచ్చి వరండాలో నేల మీద, గోడకు ఆనుకుని కూర్చుంది. పక్క కేసు వాదనలు సాగుతూనే ఉన్నాయి. రెండున్నరకు బెంచి క్లర్కు వచ్చి ఇంద్రసేన చెవిలో చెప్పాడు. "ముసలామెను నాలుగింటికి పిలుస్తరు సార్. ఉంచుండ్రి."

నాలుగింటికి పోస్టాఫీసు కౌంటరు మూస్తారు. ఆ రోజు కొత్త బిళ్ళ విడుదల.

ఇంద్రసేన వరండాలోకి వచ్చాడు. ముసలామె మోకాళ్ళు రుద్దుకుంటోంది. ఎవరో వకీలు గుమస్తా తన నీళ్ళసీసా ఆమె పక్కన పెట్టి వెళ్ళాడు.

"కాళ్ళు నొస్తున్నయా అవ్వా?"

"నొయ్యకేం జేస్తయి బిడ్డా! పదింటికెల్లి కూసున్న. గీ గోడ గూడ నొస్తుండొచ్చు నన్ను మోసి మోసి."

ఆయన నవ్వాడు. నిజంగానే జాలేసింది. ఇద్దరు హమాలీలు ఉన్నారు, వయసులో ఉన్నవాళ్ళు, తడబడకుండా చెప్తారు. ఒకే సంగతి చెప్పడానికి మూడో సాక్షి ఎందుకు? అలాంటప్పుడు 'ఈ సాక్షిని వదులుకుంటున్నాం' అని పీపీలు ఒక కాగితం దాఖలు చేస్తారు. దాన్ని గివప్ మెమో అంటారు. రోజూ చేసే పనే. ఆయన మోకాలి మీద ఫైలు పెట్టుకుని రెండు వరుసలు రాశాడు.

"ఇగ నువ్వు రానక్కర్లేదవ్వా. ఇంటికి పో."

"గదేంది? నేను సూసింది సెప్పాలె గద?"

"నువ్వు చూసిందే వాళ్ళిద్దరు చెప్తరు. నిన్నెందుకు తిప్పల పెట్టుడు?"

"మల్ల పిలుస్తరా?"

"పిలువం. ఫికర్ చెయ్యకు."

ఆమె వెంటనే లేవలేదు. ఇంకేదో అనబోయినట్టు నోరు తెరిచి, మూసి, గోడ పట్టుకుని లేచి, రెండు చేతులూ జోడించి మెట్లు దిగింది. ఇంద్రసేన నాలుగుకు పది నిమిషాల ముందు పోస్టాఫీసు చేరాడు. కౌంటరులో అమ్మాయి నవ్వి, "మీ కోసమే ఇంక లోపల పెట్టలేదు సార్, లాస్ట్ మూడున్నయి" అంది. ఒక మంచి పని చేసి, తర్వాత ఒక ఇష్టమైన పని చేసిన మనిషిలా ఆయన ఆ సాయంత్రం ఇంటికి నడిచివెళ్ళాడు.

నలభై రోజుల తర్వాత హమాలీలిద్దరూ బోనెక్కారు. ఒకడు, ఆ రోజు తను ఊళ్ళోనే లేనన్నాడు. రెండోవాడు, వెంకటేశం బస్తాల మీది నుంచి జారి పడ్డాడన్నాడు. పోలీసులకు అలా చెప్పలేదు కదా అని ఇంద్రసేన గుచ్చి గుచ్చి అడిగాడు. ఇద్దరూ నేల చూపులు చూశారు. చివరివరకూ నేలనే చూశారు.

వదులుకున్న సాక్షిని మళ్ళీ పిలిపించమని ఇంద్రసేన పిటిషను వేశాడు. జడ్జిగారు కాదనలేదు. చాదర్‌ఘాట్ గది చిరునామాకు ఆమె పేర సమన్లు వెళ్ళి, 'ఇక్కడ లేదు, గది ఖాళీ చేసి వెళ్ళినది' అన్న రాతతో తిరిగొచ్చాయి. ఇంకోసారి పంపితే ఇంకోసారి అలాగే వచ్చాయి. జడ్జిగారు రెండు వాయిదాలు ఆగి, ఇక ఆగలేనన్నారు. అందులో ఆయన తప్పేమీ లేదు. నేరం రుజువు కాలేదని కేసు కొట్టేశారు.

తీర్పు రోజున క్యాంటీన్‌లో అవతలి వకీలు కరుణాకర్ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఇద్దరూ ఒకే సంవత్సరం లా చదివారు. బార్ అసోసియేషన్ గదిలో ఎన్నో మధ్యాహ్నాలు చదరంగం ఆడారు.

"ఒక మాట చెప్తె కోపం చేసుకోవు గదా?"

"చెప్పు."

"ఆ హమాలీలు అటో ఇటో తిరుగుతరని నాకు ముందే తెల్సు. నాకు నిద్ర లేకుండ చేసింది ఆ ముసలామెనే. ఆమె పైసలకు అమ్ముడుపోదు, బెదిరిస్తె బెదరదు. నువ్వే తోలినవ్. ఆ దినం ఇంటికి పోయి మా ఆవిడను గులాబ్‌జామూన్ చెయ్యమన్న." కరుణాకర్ తన సాసరులో చాయ్ సగం పోసి ఆయన వైపు జరిపాడు. "తాగు. చల్లారుతది."

ఆ చాయ్ ఇంద్రసేన తాగాడు. కాదనడానికి ఓపిక లేకపోయింది.

ఓడిన కేసు పైకోర్టుకు వెళ్ళాలంటే, అప్పీలుకు తగినదా కాదా అని దాన్ని నడిపిన పీపీ ముందుగా తన అభిప్రాయం రాసి పైకి పంపాలి. తగినది కాదు అని రాస్తే ఫైలు అక్కడితో మూతపడుతుంది. ఎవరూ ఏమీ అడగరు. తగినది అని రాస్తే ఎందుకు ఓడామో చెప్పాలి. ఆ కారణం ఆయన చేతిరాతలోనే, రెండు వరుసల్లో, ఫైలులో ఉంది. రిటైర్మెంటుకు పద్దెనిమిది నెలలున్నాయి.

వెంకటేశం భార్య జయమ్మ ప్రతి సోమవారం వచ్చేది. ఒక స్కూల్లో ఆయా. గంట పర్మిషను తీసుకుని, యూనిఫాం చీర మీదే వచ్చి తలుపు దగ్గర నిలబడేది. అరిచేది కాదు, ఏడ్చేది కాదు.

"పైకోర్టుకు పోతదా సార్?"

"రాస్తున్నమ్మా. చూడాలె."

"ఔ సార్" అని వెళ్ళిపోయేది. అరిచి ఉంటే బాగుండేది.

మూడో సోమవారం ఆమె వెళ్ళాక ఇంద్రసేన కోటు విప్పి కుర్చీకి వేసి బేగం బజార్ బయల్దేరాడు. సాక్షుల్ని వెతకడం పోలీసుల పని. ముప్ఫై ఏళ్ళలో ఆయన ఏ సాక్షినీ వెతుక్కుంటూ వెళ్ళలేదు. ఘాటుకు తుమ్ముతూ మిరపకాయల సందు దాటి, ఒక తోపుడుబండి మనిషిని అడిగాడు. ఆ మనిషి ఇంకో మనిషికి అప్పగించాడు. అరగంట పట్టలేదు. అదే ఆయన్ని అన్నిటికంటే ఎక్కువ కుంగదీసింది. అరగంట.

లక్ష్మీనర్సమ్మ శ్యామ్‌సుందర్ సేటు గోదాము వెనక, మెట్ల కింద గదిలో ఉంది. గదిలో ఒక మంచం, గోడకు దేవుడి క్యాలెండరు, మూలన చాట. ఆయన్ని చూడగానే ఆమె ముఖం విప్పారింది.

"అయ్యో, సర్కారు వకీలు సారు! గిట్ల వచ్చిన్రేంది? కూసోండ్రి, మంచం మీదనే కూసోండ్రి." ఆయన కూర్చున్నాక గుమ్మంలో నిలబడి, పక్క గదివాళ్ళకు వినబడేలా చెప్పింది. "గీ సారే! నా మోకాళ్ళు సూసి, నువ్వు రావొద్దవ్వా, ఇంటికి పో అన్నడు. ఎవలంటరు గట్ల? కన్నకొడుకు గూడ అనడు."

ఆయన తలెత్తలేకపోయాడు.

"ఇక్కడికెప్పుడు వచ్చినవవ్వా?"

"మీరు వద్దన్నరు గదా, గా ఐతారమే సేటు మనిషిని తోలిండు. 'కోర్టు పని అయిపోయిందంట గదా, గీడనే ఉండు, రాత్రిపూట గోదాము సూస్కో, కిరాయి లేదు' అన్నడు. ఏటి పక్క రూముకు కిరాయి పెంచిన్రు, వాన పడితె లోపలికి నీళ్ళు. వచ్చిన." ఒక క్షణం ఆగి అంది. "మీరు వద్దన్నంకనే వచ్చిన సారు. గంతకు ముందు పిలిచినా రాకపోదును."

ఆ మాటలో కపటం లేదు. సాక్ష్యం చెప్పాల్సిన మనిషిగా ఉన్నంతకాలం ఆమె ఆ గడప తొక్కలేదు. తొక్కవచ్చని చెప్పింది ఆయనే.

"మళ్ళ పిలిస్తె వస్తవా?"

ఆమె ఆయన ముఖంలోకి చూసింది.

"పిలువమంటిరి గదా?"

"అన్న. తప్పు మాట అన్న."

"పిలిస్తె వస్త" అంది నెమ్మదిగా, చేత్తో మంచం కోడు తడుముతూ. "గాని గీ గది పోతది."

ఆ సాయంత్రం ఇంట్లో ఆయన అన్నం కలుపుకుని తినకుండా కూర్చున్నాడు. వరలక్ష్మి, కూతురు ప్రణవి ఎదురుగా కూర్చున్నారు. ప్రణవి ఎమ్మెస్సీ చదువుతోంది. ఇంట్లో స్టాంపుల పిచ్చి తండ్రి తర్వాత కొంచెమైనా అంటుకున్నది ఆ పిల్లకే. ఆయన జరిగినదంతా చెప్పాడు.

"మీరు జాలిపడి పంపారు" అంది వరలక్ష్మి. "ముసలావిడ కాళ్ళ నెప్పులు చూసి ఇంటికి వెళ్ళమన్నారు. అది తప్పెలా అవుతుందండీ? అవతల వాళ్ళు అబద్ధాలాడితే మీరేం చేస్తారు?"

"అదే రాద్దామనుకుంటున్న. వృద్ధురాలు, అనారోగ్యం వల్ల వదులుకున్నమని."

"అదే రాయండి మరి. నిజమేగా."

"ఆ శుక్రవారం ఏ తారీఖు నాన్నా?" అంది ప్రణవి.

ఆయన చెప్పాడు. చెబుతుండగానే ఆయనకు తెలిసింది, ఆ పిల్లకూ తెలిసింది. ఆ తేదీ ముద్ర ఉన్న కవరు ఆ రాత్రి ఆల్బంలో అంటించింది ప్రణవే. కవరు నలగకుండా కాగితపు మూలలు పెట్టి, కింద తేదీ అందంగా రాసింది. ఇప్పుడు ఆ పిల్ల కళ్ళు దించుకుని కంచం అంచు మీద మెతుకు జరుపుతూ కూర్చుంది.

వరలక్ష్మి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "పోస్టాఫీసుకు వెళ్ళారా ఆ రోజు?"

"నాలుగింటికి మూస్తరు" అన్నాడు ఇంద్రసేన.

వరలక్ష్మి లేచి, ఆయన కంచంలో ఎండిపోతున్న అన్నం మీద కొంచెం మజ్జిగ పోసింది. "తినండి ముందు" అంది. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆయనను ఎగతాళి చేయకుండా ఆమె ఒక రోజు గడపడం అదే మొదలు.

జాలి కూడా నిజమే. అదే బాధ. జాలి ఒట్టి అబద్ధమైతే తనను తాను తిట్టుకుని ఊరుకునేవాడు. కౌంటరు ఆరింటికి మూసేదైతే తనకు జాలి వేసేదా అని ఆ రాత్రంతా తనను తాను ప్రశ్నించుకున్నాడు. వేసేదే. చాయ్ తెప్పించి, ఇంకో గంట ఓపిక పట్టవ్వా అనేవాడు. జాలి ఆ పని చేసేది. ఇంటికి తోలింది జాలి కాదు.

పొద్దున్నే ఆఫీసుకు వెళ్ళి ఆయనే టైపు చేసుకున్నాడు. కేసు అప్పీలుకు తగినది అని రాశాడు. హమాలీలు ఎక్కడ ఎలా మాట మార్చారో రాశాడు. ఆరో సాక్షి ఎక్కడుందో, ఎవరి గదిలో ఉందో రాశాడు. ఆ వరుస దగ్గర వేళ్ళు కాసేపు ఆగాయి. గది పోతది అన్న మాట వినబడింది. ఆమె ఎక్కడుందో రాయకపోతే అప్పీలు ఉత్త కాగితం. రాస్తే ఆమెకు నీడ పోతుంది. రెండింటి మధ్య మూడో దారి ఉందేమోనని వెతికాడు; దొరకక ఆ వరుస అలాగే ఉంచేశాడు. చివర ఇంకొక పేరా చేర్చాడు: 'ఈ సాక్షిని వదులుకోవడానికి కేసుకు సంబంధించిన కారణమేదీ లేదు. ఆ రోజు నాకు వేరే సొంత పని ఉండి, ఆమె వంతు వచ్చేదాకా ఆగక నేనే పంపివేశాను.' సంతకం పెట్టాడు.

సోమవారం జయమ్మ వచ్చినప్పుడు ఆ పేరా ఆమెకు చదివి వినిపించాడు. ఆమె తలుపు దగ్గరే నిలబడి విన్నది.

"మీరు వద్దన్నరని అవ్వ అప్పుడే చెప్పింది సార్" అంది. "అవ్వ అక్కర లేకుండ కేసు గంత గట్టిగున్నదని నేను మా బస్తీల అందరికి చెప్పుకున్న."

ఆ తర్వాత జరగవలసినవి జరిగాయి. సంజాయిషీ అడిగారు. ఇచ్చాడు. ఆయన్ని సాక్షులతో పనిలేని, పాత ఫైళ్ళు చూసే సీటుకు మార్చారు. కోర్టు వరండాలో ఎదురుపడ్డప్పుడు కొందరు వకీళ్ళు గౌరవంగా పక్కకు తప్పుకునేవాళ్ళు, జబ్బుమనిషికి దారి ఇచ్చినట్టు. ఒక్క కరుణాకర్ మాత్రం ఎప్పటిలా వచ్చి, చదరంగం బల్ల పరిచి, "తెల్లయి నువ్వే తీస్కో" అనేవాడు. ఇంద్రసేనకు ఎత్తులు తోచేవి కావు. కరుణాకర్ తొందరపెట్టేవాడు కాదు.

పదో ఆల్బంలో ఇంకో కవరు చేరలేదు. హార్మోనియం మీద గుడ్డ కప్పేసింది వరలక్ష్మి. ముళ్ళ మొక్కలకు నీళ్ళు ప్రణవి పోసింది. అవి నీళ్ళు పోయకపోయినా బతికేవే.

ఏడు నెలలకు హైకోర్టు అప్పీలు తీసుకుంది. ఆరో సాక్షి మాట వినాలన్న అర్జీ కూడా దాంతోపాటే ఉంది. శ్యామ్‌సుందర్ సేటుకు నోటీసు అందింది. వారం తిరగలేదు, లక్ష్మీనర్సమ్మ చాటా, మూటా మెట్ల బయట ఉన్నాయి. ఆమెను ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. గదికి సున్నం వేయించాలి అన్నారు. సంగతి తెలిసి జయమ్మ ఆటో మాట్లాడుకుని వచ్చి, ఆ మూట ఎత్తుకుని ఆమెను చాదర్‌ఘాట్‌లోని తన ఇంటికి తీసుకుపోయింది. ఒక్కటే గది. మంచం ముసలామెకిచ్చి తను కింద పడుకుంటోందని కోర్టు కానిస్టేబుల్ ఇంద్రసేనకు చెప్పాడు. ఆ మాట విన్న రోజున ఆయన ఫైలు మూసి బాత్రూములోకి వెళ్ళి ముఖం కడుక్కున్నాడు.

తర్వాతి ఆదివారం పొద్దున తొమ్మిదింటికి బెల్లు మోగింది. కోర్టు కానిస్టేబుల్‌ను అడిగి ఇల్లు కనుక్కుని, మూడంతస్తులూ ఎక్కి వచ్చిన లక్ష్మీనర్సమ్మ గుమ్మానికి ఆనుకుని ఆయాసపడుతోంది.

"లిఫ్టుంది గదవ్వా!"

"అండ్ల ఒక్కదాన్ని ఎక్కాల్నంటె నాకు భయం."

"రండి మామ్మగారూ, ఇలా కూర్చోండి" అని వరలక్ష్మి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి డైనింగు టేబుల్ దగ్గర కుర్చీ లాగింది. ముసలామె కుర్చీ అంచున కూర్చుంది.

"ఎప్పుడు పిలుస్తరు సారు?"

ఇంద్రసేనకు అబద్ధం చెప్పే శక్తి లేదు. "చెప్పలేనవ్వా. వరుసల ఉంటయి. నాలుగేండ్లు కావచ్చు, ఐదు కావచ్చు."

"గన్ని దినాలు నేనుంటనా?" అని నవ్వింది. నిజంగానే నవ్వొచ్చినట్టు నవ్వింది. "గట్లయితె నీకే చెప్త. రాస్కో."

"నేను రాస్కుంటె చెల్లదవ్వా. జడ్జిగారి ముందట చెప్పాలె."

"చెల్లకుంటె పాయె. ఇను."

ఆయన కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. వరలక్ష్మి వంటింటి గుమ్మంలో ఆగిపోయింది. ముసలామె మొదటి నుంచి చెప్పింది. బోనులో నిలబడి ఉంటే ఎలా చెప్పేదో అలాగే చెప్పింది. ఎన్నింటికి షట్టరు దించారో, మునీము చేతిలో ఏముందో, సేటు ఏ బూతు తిట్టాడో, తను ఏ బస్తాల వెనక కూర్చుని మిరియాలు ఊడుస్తోందో. వంకర ప్రశ్నలు ఎన్ని వేసినా చెదరని సాక్ష్యం. కరుణాకర్‌కు నిద్ర ఎందుకు పట్టలేదో ఆయనకు అర్థమైంది. ఇలాంటి సాక్షి ముప్ఫై ఏళ్ళలో నలుగురు కూడా ఎదురవ్వలేదు.

తర్వాత ఆమె గొంతు తగ్గింది.

"వాళ్ళు బయటికి పోయిన్రు. ఈ ఎంకటేశం పడ్డ కాడనే ఉండి నన్ను సూసిండు. బస్తాల సందుకెల్లి నేను కనవడుతున్న. 'అవ్వా, నీళ్ళు' అన్నడు. నా పక్కనే కుండ ఉన్నది సారు. చెయ్యి సాపితె అందుతది. నేను లేస్తె వాళ్ళు మల్ల వస్తరేమో, నన్ను గూడ కొడ్తరేమోనని లేవలే. కండ్లు మూస్కున్న. కొంచెం సేపయినంక పిలుసుడు బందయింది."

వరలక్ష్మి గుమ్మం పట్టుకుంది.

"పోలీసోళ్ళకు గీ మాట చెప్పలే. కోర్టుల చెప్పాల్ననుకున్న. అందరి ముందట, జయమ్మ గూడ ఇంటుంటది, ఒక్కసారి చెప్పేస్తె అయిపోతది. మూడుసార్లు గందుకే వచ్చిన. నువ్వు పొమ్మంటివి." ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. "ఇప్పుడు జయమ్మ ఇంట్ల ఉంటున్న. మంచం నాకే ఇచ్చింది. పొద్దుగాల లేవంగనే చాయ్ పెట్టి నా చేతికిస్తది. ఆమె మొకం సూసి ఎట్ల చెప్పాలె బిడ్డా? నువ్వు వకీలువు గదా. ఎట్ల చెప్తరు గిట్లాంటిది?"

ఇంద్రసేన వేలమంది చేత సాక్ష్యాలు చెప్పించిన మనిషి. ఎలా మొదలుపెట్టాలో, ఏ మాట ముందు, ఏ మాట వెనక అనాలో బోను పక్కన నిలబడి ఎందరికో నేర్పాడు. ఇది మాత్రం ఎవరికీ నేర్పలేదు. ఆమె తన పాపం దింపుకోవడానికి వచ్చిన తలుపును తనే మూశాడు. దానికి పెట్టిన పేరు దయ.

ఆమె టేబుల్ అంచు పట్టుకుని, "పోయొస్త" అని లేచింది.

"ఆగవ్వా" అని ఆయన చెప్పులు వేసుకున్నాడు. "మీరూ వెళ్తున్నారా?" అంది వరలక్ష్మి. ఆయన తల ఊపాడు. ఆమె ఎక్కడికని అడగలేదు. చిల్లర తెచ్చి ఆయన జేబులో వేసింది.

లిఫ్టులో ముసలామె ఆయన చొక్కా చెయ్యి పట్టుకుంది. ఆదివారం కావడంతో ఫుట్‌పాత్ నిండా పుస్తకాలు పరిచి ఉన్నాయి. "సార్, మీ కోసం దాచిన, వచ్చి చూడుండ్రి" అని ఎవరో పిలిచారు. ఆయన చెయ్యి ఊపి ముందుకు నడిచాడు. ముసలామె నడక చాలా నెమ్మది. ఆ నెమ్మదికి తగ్గట్టు తనూ నడిచాడు.

చాదర్‌ఘాట్ వైపు వెళ్ళే బస్సు వచ్చింది. కండక్టరు ముసలామె చెయ్యి పట్టి ముందు తలుపు నుంచి పైకి ఎక్కించాడు. ఆడవాళ్ళ సీట్లలో ఒక కాలేజీ అమ్మాయి లేచి చోటిచ్చింది. ఇంద్రసేన వెనక తలుపు నుంచి ఎక్కి మగవాళ్ళ మధ్య నిలబడ్డాడు. జయమ్మ ఇంటికి వెళ్ళి ఏమనాలో ఆమెకు తెలియదు, ఆయనకూ తెలియదు. బస్సు కదిలింది. ముందు సీట్లో ముసలామె వెనక్కి తిరిగి, జనంలో ఆయన ఎక్కాడో లేదోనని వెతుకుతోంది. ఆయన చెయ్యి పైకెత్తాడు.